కిడ్నీ రోగి కంచంలో ఖనిజాలు: ఒక సంవాదం

మనిషి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. ఆ ద్రవంలో కరిగి ఉండే ఉప్పు దాదాపు కిలోన్నర. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా సన్నని నాళికలు మళ్ళీ పీల్చుకుని రక్తానికి అప్పగిస్తాయి. తిన్నదానిలో మిగులు ఎంతో అంతే మూత్రంలోకి పోతుంది. పొటాషియం, ఫాస్ఫరస్, కాల్షియం, మెగ్నీషియం ఒక్కోదానిదీ ఒక్కో లెక్క. ఆ లెక్కలన్నీ చూసేది కిడ్నీలే. ఒక్కో కిడ్నీలో ఈ పని చేసే సూక్ష్మమైన వడపోత యూనిట్లు, అంటే నెఫ్రాన్లు, సుమారు పది లక్షలు ఉంటాయి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో అవి ఏళ్ళ తరబడి ఒకదాని వెనక ఒకటి పోతుంటే, మిగిలినవి వాటి పనిని కూడా నెత్తిన వేసుకుంటాయి. అందుకే సగానికి పైగా పోయినా చాలామందికి ఏమీ తెలియదు. అప్పటికి కంచంలోని ఖనిజాల లెక్క తప్పడం మొదలవుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఈ జబ్బు మాట వస్తే ముందు గుర్తొచ్చేది ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల సీమ అది. షుగరు లేనివాళ్ళకు, బీపీ లేనివాళ్ళకు, తోటపనికి పోయే నడివయసు వాళ్ళకు కిడ్నీలు పాడవుతున్నాయని 1990ల నుంచీ వైద్యులు చెబుతున్నారు. 2019, 2020 సంవత్సరాల్లో వెలువడిన సర్వేల్లో పెద్దవాళ్ళలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి జబ్బు కనిపించింది. కారణం మాత్రం ఇంకా తేలలేదు.

ఉద్దానానికి దక్షిణాన, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో ఈ విషయం మీద రెండు పక్షాలను ఎదురెదురుగా కూర్చోబెడితే సంవాదం ఇలా సాగుతుంది. ఒకరు కిడ్నీ రోగులకు వైద్యం చేసే డాక్టరమ్మ. జబ్బు ఎలా మొదలైనా అది ఎంత వేగంగా ముదురుతుందన్నది చాలావరకు కంచమే నిర్ణయిస్తుందని ఆవిడ పక్షం. రెండోవారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. ఎక్కడివాళ్ళ కోసమో తయారైన పథ్యం చీటీని ఇక్కడి కూలివాడి చేతిలో పెట్టడం అతని నోటి దగ్గర కూడు లాగెయ్యడమేనని ఆయన పక్షం.

వాదం ఉప్పుతో మొదలవుతుంది. నౌపడ ఉప్పు మడులున్న జిల్లాలో అది సహజమే.

"మాస్టారూ, ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడి మిగిలిన నెఫ్రాన్ల మీద పడుతుంది. మూత్రంలో ప్రొటీను పోవడం ఎక్కువవుతుంది. పైగా బీపీకీ, ప్రొటీను పోకుండా ఉండటానికీ మేమిచ్చే మందుల బలం కూడా ఉప్పు ఎక్కువ తినేవాళ్ళలో తగ్గిపోతుంది. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఓ చిన్న చెంచాడు చాలు. మన ఇళ్ళల్లో కూరలో, పచ్చడిలో, మజ్జిగలో వేసేదంతా కలిపితే దానికి ఎంతో ఎక్కువ. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలో బరువులో పదో వంతుకు పైగా ఉప్పే ఉండొచ్చు."

"అయిదు గ్రాముల లెక్క ఎవరిని చూసి కట్టారమ్మా? ఏసీ గదిలో కూర్చునేవాడిని చూసి. జీడితోటలో మే నెలలో పని చేసేవాడికి లీటరు చెమటలో ఒకటి నుంచి మూడు గ్రాముల ఉప్పు పోతుంది. అతను పొద్దున్నే తాగేది చోడి అంబలి. అందులో ఉప్పు వెయ్యకుండా తాగమంటారా?"

"అంబలిలో చిటికెడు ఉప్పుతో నాకు పేచీ లేదు. ఆ అంబలిలోకి నంజుకునే ఊరగాయతోనూ, ఉప్పుచేపతోనూ నా పేచీ. 2013లో ఆస్ట్రేలియాలో కిడ్నీ రోగుల మీదే ఒక పరీక్ష జరిగింది. చిన్నదే, ఇరవై మందితో. ఉప్పు తగ్గించి తిన్న రోజుల్లో బీపీలో పై అంకె సగటున పది పాయింట్లు తగ్గింది. మూత్రంలో ప్రొటీను కూడా తగ్గింది. ఒక మాత్ర చేసే పనిని వంటిల్లు చేసింది."

"ఆ ఇరవై మందికీ బీపీ ఉందమ్మా. ఉద్దానం రోగికి లేదు కదా?"

ఇక్కడ మాస్టారి ప్రశ్నకు బలం ఉంది. ఉద్దానంలో కనిపించే జబ్బు వడపోత గుత్తులకన్నా నాళికల్నీ, వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ ముందు దెబ్బతీసే రకం. మూత్రంలో ప్రొటీను చాలా తక్కువగా పోతుంది, లేదా పోదు. చాలాకాలం బీపీ మామూలుగానే ఉంటుంది. నాళికలు దెబ్బతిన్నవాళ్ళలో కొందరు ఉప్పును వెనక్కి పీల్చుకోలేక మూత్రంలో పోగొట్టుకుంటారు. అలాంటి వాళ్ళకు ఉప్పు తగ్గించమనడం సాధారణంగా తగదని కిడ్నీ వైద్యానికి ప్రమాణాలు రాసే కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది. ఒంట్లో ఉప్పూ నీరూ కరువైతే కిడ్నీకి రక్త ప్రవాహం తగ్గి, ఉన్న నెఫ్రాన్లు మరింత త్వరగా దెబ్బతింటాయి. మధ్య అమెరికాలో చెరుకు నరికే కూలీలకు వచ్చే ఇలాంటి జబ్బులో ఎండదెబ్బే ముఖ్య అనుమానితురాలు. ఆ రోగుల్లో చాలామందికి రక్తంలో సోడియం, పొటాషియం తక్కువగా ఉండటం కూడా గమనించారు.

డాక్టరమ్మ ఈ మాట కాదనరు. అయితే జబ్బు ముదిరాక కథ మారుతుందని పట్టుబడతారు. వడపోత శక్తి నిమిషానికి 30 మిల్లీలీటర్ల కిందకు జారాక ఉద్దానం రోగికీ బీపీ ఎక్కుతుంది, కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది. అప్పుడు కూడా చెమట పేరు చెప్పి ఉప్పుచేప తినేవాడిని ఆపవలసిందే. డయాలసిస్ మీద ఉన్నవాడికి ఉప్పు తెచ్చే దాహం మరో ప్రమాదం. రెండు డయాలసిస్‌ల మధ్య తాగిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. మొత్తం మీద ఉప్పు విషయంలో మాస్టారు తొలి దశకు గెలిచారు, డాక్టరమ్మ మలి దశకు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో చెప్పేది బీపీ పట్టీ, కాళ్ళ వాపు, రక్తపరీక్ష.

పొటాషియం దగ్గర వాదం వేడెక్కుతుంది. అది కొబ్బరి బొండాం సంగతి కాబట్టి.

"కవిటి, సోంపేటల్లో చేయి చాస్తే బొండాం. ఒంటికి చలవని తాగుతారు, కిడ్నీలను కడుగుతుందని తాగుతారు. గ్లాసుడు కొబ్బరి నీళ్ళలో దాదాపు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అది అరటిపండుకు సమానం, ఒక్కోసారి ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దాన్ని పూట తిరిగేలోగా బయటికి నెట్టేస్తుంది. చివరి దశ కిడ్నీ నెట్టలేదు. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 6.5 దాటితే గుండె లయ తప్పుతుంది. నొప్పి ఉండదు, ముందస్తు సూచనా పెద్దగా ఉండదు. కాళ్ళూ చేతులూ నీరసించాయి అనుకునేలోగా గుండె ఆగిపోవచ్చు. ఉప్పు మెల్లగా చేసే చెడుపు ఇది ఒక్క పూటలో చేస్తుంది."

"డాక్టరమ్మా, ఇది చివరి దశ మాట. మీ ఆసుపత్రి మాత్రం రక్తపరీక్షలో క్రియాటినిన్ ఒకటిన్నరే ఉన్నవాడికీ, అంటే జబ్బు ఇంకా ముదరనివాడికీ, అదే చీటీ ఇస్తోంది. అరటిపండు వద్దు, బొండాం వద్దు, ఆకుకూర వద్దు, పప్పు వద్దు, దుంప వద్దు. ఇంక తినేదేమిటి? తెల్లన్నం, చారునీళ్ళు. ఆ మనిషి జబ్బు కన్నా ముందు తిండి లేక కుంగిపోతాడు."

"క్రియాటినిన్ ఒకటిన్నర ఉన్నవాడికి ఆ చీటీ ఇవ్వడం తప్పే. ఒప్పుకుంటాను."

"ఒప్పుకుంటే సరిపోదమ్మా. కూరలూ పళ్ళూ మానిపించడం వల్ల జబ్బు ముదురుతుంది కూడా."

మాస్టారు ఉద్రేకంలో అన్నట్టున్నా, ఈ మాట వెనక ఆధారం ఉంది. కిడ్నీలు బలహీనపడ్డప్పుడు రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. ఎముకల నుంచి కాల్షియం కరుగుతుంది, కండ కరుగుతుంది, నెఫ్రాన్ల మీద అదనపు భారం పడుతుంది. మాంసాహారం, ధాన్యం ఆమ్లాన్ని పెంచుతాయి. పళ్ళూ కూరగాయలూ దాన్ని తగ్గిస్తాయి. అమెరికాలోని టెక్సస్‌లో గోరయా, వెసన్ అనే వైద్యుల బృందం మూడో దశ రోగులకు మూడేళ్ళ పాటు పళ్ళూ కూరలూ ఎక్కువగా ఇచ్చి చూసింది. వాళ్ళలో వడపోత శక్తి తగ్గే వేగం, మామూలు వైద్యం పొందినవాళ్ళతో పోలిస్తే తగ్గింది. సోడా మాత్రలు తీసుకున్నవాళ్ళకు కలిగిన మేలుకు అది ఇంచుమించు సమానం. అయితే ఆ బృందం పొటాషియం పెరిగే ప్రమాదం తక్కువ ఉన్నవాళ్ళనే ఎంచుకుంది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపేది సరిగ్గా ఈ ఎంపికనే. తొలి దశలో ఉన్నవాడికి పనస తొనలు తినవద్దనడానికి కారణం లేదు. డయాలసిస్ రోగికి ఇవ్వడానికి ధైర్యం చాలదు. మధ్యలో ఉన్నవాడి సంగతి రక్తపరీక్ష చెప్పాలి.

వంటింట్లో పొటాషియం తగ్గించే పద్ధతి ఉత్తరాంధ్ర ఇళ్ళకు కొత్తది కాదు. కూరను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి, తర్వాత పోపు పెట్టుకోవడమే. పొటాషియం నీళ్ళలో కరుగుతుంది కాబట్టి వార్చిన నీళ్ళతో చాలా భాగం పోతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూరకైనా, కందకైనా ఇదే చెల్లుతుంది. ఆవిరి మీద ఉడికించినా, నీళ్ళు వార్చకుండా కుక్కర్లో పెట్టినా, నీళ్ళు ఇంకిపోయేలా వండినా ఆ ప్రయోజనం ఉండదు. వార్చిన నీళ్ళతో చారు పెట్టుకునే పొదుపు అలవాటును మాత్రం ఈ రోగుల ఇళ్ళల్లో మానుకోవాలి.

ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడే చోటు కూడా ఇక్కడే ఉంది. దుకాణాల్లో "లో సోడియం" పేరుతో దొరికే ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్. చైనా పల్లెల్లో జరిగి 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో ఆ రకం ఉప్పు పక్షవాతాలను తగ్గించింది. నిజమే, కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను ఆ పరీక్షలోకి తీసుకోలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళను మినహాయించింది. బీపీకి మంచిదని ఎవరో చెప్పగా ఈ ఉప్పు కొనే కిడ్నీ రోగి సోడియం తగ్గించుకుని పొటాషియం తెచ్చిపెట్టుకుంటాడు.

ఫాస్ఫరస్ దగ్గర మాస్టారి వాదం ఇంకాస్త పదునెక్కుతుంది.

"పప్పు మానమంటారు, ఫాస్ఫరస్ ఉందని. చోళ్ళు మానమంటారు, ఫాస్ఫరస్ ఉందని. ఉలవలు మానమంటారు. ఊళ్ళో ప్రతి కిళ్ళీ కొట్టులో దొరికే నల్ల కూల్‌డ్రింకు సంగతి ఏ చీటీలోనూ చూడలేదు."

"చీటీలో ఉంటుంది మాస్టారూ, కింద చిన్న అక్షరాల్లో. ముందు ఇది వినండి. కిడ్నీ చెడ్డాక ఫాస్ఫరస్ పేరుకోవడం చాలా ప్రమాదం. రక్తంలో అది ఎక్కువ కాకముందే ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ పెరుగుతుంది. దాని వెనకే పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. ఎముకల్లోంచి కాల్షియం కారిపోయి రక్తనాళాల గోడలకు పేరుకుంటుంది. కిడ్నీ రోగుల్లో చాలామంది పోయేది చివరికి గుండెజబ్బుతో. ఆ దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది."

"దారి సరే. నడిపించేది పప్పా, కూల్‌డ్రింకా?"

ఈ ప్రశ్నకు సైన్సు ఇచ్చే జవాబు మాస్టారి వైపే మొగ్గుతుంది. పప్పులో, ధాన్యంలో ఉండే ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో బంధించి ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైము మనిషి పేగుల్లో సరిపడా లేదు. అందువల్ల అందులో సగం కన్నా తక్కువే ఒంటికి పడుతుంది. మాంసం, చేప, పాలలోది ఎక్కువ పడుతుంది. కూల్‌డ్రింకుల్లోని ఫాస్ఫారిక్ ఆమ్లం, ప్యాకెట్ మాంసాల్లో, ప్రాసెస్ చేసిన జున్నులో కలిపే ఫాస్ఫేట్ లవణాలు దాదాపు పూర్తిగా పడతాయి. అమెరికాలోని ఇండియానాలో 2011లో తొమ్మిది మంది కిడ్నీ రోగులకు ఒక వారం మాంసాహారం, ఒక వారం శాకాహారం ఇచ్చారు. ఫాస్ఫరస్ మొత్తం రెండింటిలోనూ సమానమే. శాకాహారం తిన్న వారంలో రక్తంలో ఫాస్ఫరస్, ఎఫ్‌జీఎఫ్-23 రెండూ తగ్గాయి. తొమ్మిది మందితో శాసనం రాయలేం గాని, పప్పునూ కూల్‌డ్రింకునూ ఒకే వరసలో రాసిన చీటీ తప్పని చెప్పడానికి అది చాలు.

సముద్రం ఒడ్డున మరో మెలిక ఉంది. ఎండు నెత్తళ్ళను ముల్లుతో సహా తింటారు. ఆ ముల్లులో కాల్షియం ఉంది, ఫాస్ఫరస్ కూడా ఉంది. బాలింతకూ ఎదిగే పిల్లకూ అది మంచి తిండి. ఫాస్ఫరస్ పెరిగిపోయిన కిడ్నీ రోగికి మాత్రం ముల్లు తీసిన పచ్చిచేప ముక్క మేలని డాక్టరమ్మ చెబుతారు. కాల్షియం మాత్రల్ని భోజనంతో కలిపి వేసుకొమ్మని చెప్పడానికి కారణం కూడా ఫాస్ఫరసే. కాల్షియం పేగులోనే ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. అదే మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే ఫాస్ఫరస్ దొరకదు, కాల్షియం రక్తంలోకి పోతుంది. ఎముకలు గట్టిపడాలని ఎవరికి వాళ్ళు కొనుక్కుని మింగితే గట్టిపడేది రక్తనాళాలు కావచ్చు.

మెగ్నీషియం మీద పెద్ద వాదం లేదు. రక్తంలో అది తక్కువగా ఉన్నవాళ్ళకు జబ్బు త్వరగా ముదురుతున్నట్టు పరిశీలనల్లో కనిపించింది. అయితే డెన్మార్క్, నార్వేల్లో ఏడాది పాటు మాత్రలిచ్చి చూసిన పరీక్షలో గుండె నాళాల్లో సున్నం పేరుకోవడం ఆగలేదు. 2023లో ఆ ఫలితం వచ్చాక ఆశ కొంత చల్లబడింది. ఇనుము సంగతి వేరు. కిడ్నీ రోగికి రక్తం పట్టకపోవడానికి ఇనుము లోపంతో పాటు, కిడ్నీలు తయారుచేసే ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్ లోపం కూడా కారణం. తిండితో మాత్రమే అది తీరదు.

చివరికి మాస్టారు తన అసలు బాణం తీస్తారు.

"మీరు ఇంతసేపూ చెప్పింది ముదరడం గురించి. మొదలవడం గురించి చెప్పండి. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గనుల కాడ్మియం వరిలోకి ఎక్కింది. తిన్నవాళ్ళ నాళికలు పాడై, ఎముకలు విరిగి, నొప్పితో మూలిగి పోయారు. 1968లో వాళ్ళ ప్రభుత్వం ఒప్పుకుంది. అది ఖనిజం చేసిన పని కాదా? మన ఉద్దానం నీళ్ళలో సిలికా ఎక్కువని ఎన్నిసార్లు విన్నాం?"

"విన్నాం. కొన్ని నమూనాల్లో సిలికా, కొన్నిట్లో సీసం ఎక్కువ కనిపించాయి. శ్రీలంకలో అనూరాధపురం వైపు నీటి కాఠిన్యాన్నీ, ఫ్లోరైడ్‌నూ అనుమానించారు. కానీ జపాన్‌లో కాడ్మియం ఎంత ఎక్కువ తిన్నవాడికి అంత జబ్బు అని నిరూపించారు. ఇక్కడ ఏ ఖనిజానికీ ఆ నిరూపణ లేదు. ఒకే బావి నీళ్ళు తాగే రెండిళ్ళలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే బావినొక్కదాన్నే అనడమెలా? ఎండ, ఒళ్ళు నొప్పుల మాత్రలు, పురుగుమందులు, వంశపారంపర్యం, అన్నీ వరసలో ఉన్నాయి."

"నిరూపణ లేదంటే నేరం లేదని కాదమ్మా."

"కాదు. అందుకే నీళ్ళు మార్చడం మంచిదే అంటాను. నీళ్ళు మార్చాం కదా అని ఉప్పుచేప వదలనక్కరలేదంటే మాత్రం ఒప్పుకోను."

నీళ్ళు మార్చే పని జరిగింది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానం ఊళ్ళకు చేర్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం అదే రోజు మొదలయ్యాయి. బావినీటి ఖనిజాలే మూలమైతే ఆ గొట్టపు నీళ్ళు తాగి పెరిగే పిల్లల్లో జబ్బు తగ్గాలి. అది తేలడానికి ఒక తరం పడుతుంది. ఈ ప్రశ్న మీద మాస్టారూ డాక్టరమ్మా ఇప్పట్లో రాజీపడరు, పడనక్కరలేదు కూడా.

ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్ళకు ఒక తరం ఆగే వీలు లేదు. వాళ్ళ విషయంలో చీటీ మీద మాస్టారి కోపం న్యాయమైనది. కంచాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న డాక్టరమ్మ పట్టుదల కూడా న్యాయమైనదే. అన్ని దశలకూ ఒకే పథ్యం అచ్చువేసి పంచే అలవాటును ఆసుపత్రులు మానుకోవాలి. రోగులు కూడా క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని ఊరుకోకుండా, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, ఆమ్లం సంగతి చెప్పే బైకార్బొనేట్ ఎంత ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి. ఆ మూడు అంకెలూ, బీపీ చూడకుండా పప్పూ పండూ మానిపించే సలహా ఎవరిచ్చినా పాటించవద్దు. పొటాషియం పెరిగిందని చెప్పాక మాత్రం బొండాం ముట్టుకోవద్దు.